గవ్వలు కొలిచిన కాలం

రత్నాలు రాశులు పోసి అమ్మారన్న మాట వినకుండా తెలుగుదేశంలో బడి దాటి వచ్చినవాళ్ళు వుండరు. రాయల కాలం గురించి మనకు మొట్టమొదట తెలిసేది ఆ మాటే. 'ఆముక్తమాల్యద' సంగతి ఆ తర్వాత. కొన్నేళ్ళుగా ప్రబంధయుగం పాఠం చెబుతున్న నాకు ఆ రాశుల మీద ఒక అనుమానం స్థిరపడిపోయింది. రాశి పోసినవాడెవడు, కొన్నవాడెవడు, గనిలోకి దిగినవాడెవడు అని అడక్కుండానే దాన్ని స్వర్ణయుగమని తేల్చెయ్యడం మన సాహిత్య చరిత్రకారులకు అలవాటు. ఈ వ్యాసం రాయల గురించి కాదు. ఆ అనుమానంతోనే నేను యెక్కడో పశ్చిమాఫ్రికాలో, యొరూబా ప్రజల చరిత్రలో, అబియొదున్ అనే రాజు దగ్గరికి పోయి తేలాను. ఆయన కాలంలో డబ్బును లెక్కపెట్టే ఓపిక లేక సొరకాయ బుర్రలతో కొలిచేవారని ఆ దేశంలో చెప్పుకుంటారు. డబ్బు అంటే గవ్వలు. ఇక్కడ రాశి, అక్కడ బుర్ర. జనం జ్ఞాపకంలో మంచిరాజు యెప్పుడూ కుంచంతోనే వస్తాడు కాబోలు.

అబియొదున్ 1770 నుంచి 1789 దాకా ఒయో సామ్రాజ్యానికి అలాఫిన్, అంటే రాజు. ఒయో అనేది ఈనాటి నైజీరియాలో నైరుతి భాగాన, అడవికి ఉత్తరంగా పచ్చికబయళ్ళలో వెలిసిన రాజ్యం. దాని బలమంతా గుర్రపు దండులో వుంది. దక్షిణాన దట్టమైన అడవిలో ఒకరకం ఈగ కుట్టి గుర్రాలు చచ్చేవి గనుక ఆ దండు అటువైపు ఆట్టే సాగలేకపోయింది. బయలునేల మీద మాత్రం దానికి యెదురులేదు. పడమట దహోమీ రాజ్యంచేత కూడా కప్పం కట్టించుకున్నది. ఆ గుర్రాలు ఒయోలో పుట్టినవి కావు, ఉత్తరదేశాల నుంచి కొన్నవి. (పోర్చుగీసుల దగ్గర గుర్రాలు కొని యేలిన విజయనగరం యెవరికైనా గుర్తుకొస్తే అది నా తప్పు కాదు.) గుర్రాలు కొనాలంటే ఇచ్చేందుకు యేదో వుండాలి. ఆ యేదో యేమిటన్నదే అసలు కథ.

ఒయోలో అలాఫిన్ దేవుడితో సమానం. అయినా ఆయన్ని చంపే హక్కు ఒక మంత్రివర్గానికి వుండేది. ఒయో మెసి అనే ఆ ఏడుగురు సామంత మంత్రులకు బషోరున్ పెద్ద. రాజు పరిపాలన సహించరానిదైతే బషోరున్ ఆయనకొక ఖాళీ బుర్ర పంపిస్తాడు. దాని అర్థం రాజుకు తెలుసు. రాజు తనంతట తానే ప్రాణం తీసుకోవాలి. మంత్రులు ఈ అధికారాన్ని ఇష్టం వచ్చినట్టు వాడకుండా, రాజుతోపాటు ఆ ఏడుగురిలో ఒకడు కూడా చావాలన్న కట్టుబాటు వుండేది. కాగితం మీద చూస్తే ఎంతో ముచ్చటైన రాజ్యాంగం. కాని యే రాజ్యాంగమూ దాని బుర్ర యెవరి చేతిలో వుందో దాన్ని బట్టే నడుస్తుంది. 1754 నుంచి ఇరవై ఏళ్ళపాటు అది గాహా అనే బషోరున్ చేతిలో వుంది. అతను అయిదుగురు రాజులను గద్దె యెక్కించాడు. మొదటి నలుగురూ అతని మూలంగానే చచ్చారు. అయిదోవాడు అబియొదున్.

గాహా క్రూరత్వం గురించి యొరూబాల్లో ఈనాటికీ సామెతలున్నాయి. అడెబాయో ఫలేటి యొరూబాలో అతని పేరుతోనే ఒక నాటకం రాశాడు. ఐతిహ్యం ప్రకారం, ఒకసారి గాహాకు పూజలో బలికి లేడి కావలసి వచ్చింది. లేడి దొరకలేదు. అబియొదున్ కూతురి పేరు అగ్బోన్యిన్, ఆ మాటకు అర్థం లేడి. లేడి బదులు ఆ పిల్లను బలి ఇచ్చాడు. ఇది జరిగిందా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. అధికారం చేతిలో వున్నవాడు మాటకూ మనిషికీ తేడా లేకుండా చెయ్యగలడని ఆ కథ అల్లినవాళ్ళకు తెలుసు. అలంకారశాస్త్రం చెప్పేవాళ్ళం, శ్లేష ఇంత భయంకరంగా వుండగలదని మనం మాత్రం విద్యార్థులకు చెప్పం. కథ కంటే నాకు ముఖ్యమైనది ఇంకొకటుంది. గాహా కొడుకులు రాజ్యమంతటా పరచుకుని, ఊరూరా కప్పాలు తామే వసూలు చేసుకున్నారు. రాజుగారి ఖజానాకు చేరవలసిన గవ్వ దారిలోనే ఆగిపోయింది. అబియొదున్ రోజూ పొద్దున్నే లేచి గాహా ఇంటికి వెళ్ళి దండం పెట్టి వచ్చేవాడట.

నాలుగేళ్ళు అలా దండాలు పెట్టి, ఒకరాత్రి రహస్యంగా రాజధాని దాటి, రాష్ట్రాల్లోని సేనలకు అధిపతి అయిన ఓయాబిని కలుసుకున్నాడు. ఊరూరికీ కబురు పోయింది. 1774లో ఒక నిర్ణీత దినాన యెక్కడికక్కడ జనం లేచి గాహా కొడుకుల మీద పడ్డారు. ఓయాబి సేన రాజధాని చేరేసరికి నగరం కూడా లేచింది. ముసలివాడై, కాళ్ళు పడిపోయిన గాహాను పట్టుకుని మంటల్లో వేశారు.

మా కాలేజీలో చరిత్ర చెప్పే మిత్రుడొకరికి ఈ కథంతా చెప్పాను. ఆయన సిగరెట్టు ఆర్పి, "ఏముందండీ మాస్టారూ, ఒక దొంగ పోయి ఇంకొక దొంగ వచ్చాడు. రాజులంతా ఒకటేగా!" అన్నారు. ఈ మాట మనవాళ్ళలో చాలామంది నోట వింటాను. వినడానికి విప్లవాత్మకంగానే వుంటుంది. నిజానికి ఇది చదవడానికి బద్ధకించేవాడి మాట. గాహా కొడుకులు ఇంటిముందు నిలబడి ఉన్నదంతా ఊడ్చుకుపోవడం చూసిన రైతుకు, ఆ మనిషి ఇక రాడు అన్నది చిన్న సంగతి కాదు. ఆ ఊళ్ళు లేచింది నిజం. తర్వాత పడ్డ సంతోషమూ నిజం. జనం తమ అనుభవంలోంచి ఒక రాజును మంచివాడన్నప్పుడు, వాళ్ళు భ్రమలో వున్నారని కొట్టిపారెయ్యడానికి మనమెవరం? వాళ్ళు యేది చూసి అన్నారు, యేది చూడకుండా అన్నారు అని విడదీసి అడగాలి.

ఇక ఆ గవ్వల సంగతి. తెలుగులో చేతిలో యేమీ లేనివాణ్ణి చిల్లిగవ్వ లేనివాడంటాం. మనకు చిల్లి పడితే గవ్వ పనికిరానిది. యొరూబాలకు చిల్లి పొడిస్తేనే అది దండ యెక్కే నాణెం. నలభై గవ్వలు ఒక దండ, యాభై దండలు ఒక 'తల', అంటే 2,000 గవ్వలు. పది తలలు ఒక బస్తా, 20,000 గవ్వలు. వాళ్ళ భాషలో పెద్ద సంఖ్యల పేర్లే ఈ లెక్కను అంటిపెట్టుకుని వున్నాయి. అయితే ఆ గవ్వ ఆఫ్రికా ఒడ్డున పుట్టింది కాదు. అది మన మాల్దీవుల సముద్రంలోది. అక్కడినుంచి బెంగాలుకూ సింహళానికీ వచ్చి, డచ్చి, ఇంగ్లీషు ఓడల అడుగున బరువు కోసం వేసిన సరుకుగా ఆమ్‌స్టర్‌డాముకూ లండనుకూ పోయి, అక్కడ వేలంలో అమ్ముడై, పశ్చిమాఫ్రికా తీరం చేరేది. సగం భూగోళం తిరిగి వచ్చిన ఆ గుల్లకు ఆ ఒడ్డున మారకంగా పోయింది మనిషి.

గవ్వలతోపాటు బట్ట కూడా పోయింది. కోరమాండల్ తీరపు నేతగాళ్ళు నేసిన నూలుబట్టలో ఒకరకానికి ఐరోపా వర్తకులు పెట్టిన పేరే 'గినీ బట్ట'. గినీ అంటే వాళ్ళ భాషలో పశ్చిమాఫ్రికా తీరం. భారతదేశపు బట్ట ఇచ్చి బానిసలను కొనడం ఆ శతాబ్దంలో పరిపాటి. కంపెనీ గుమాస్తాకు బాకీపడి మగ్గం ముందు కూర్చున్న మన నేతగాడికి తన బట్ట యెవరి మెడకు వెలగా పోతుందో తెలిసే దారి లేదు. మన ఆర్థిక చరిత్రలో నేతపని వాళ్ళ దుర్దశ గురించి చాలా పుటలున్నాయి. ఆ బట్ట రెండో కొస యెక్కడ విప్పారన్నది వాటిలో అరుదుగా కనిపిస్తుంది.

అబియొదున్ సింహాసనం యెక్కకముందు వ్యాపారం చేసినవాడని ఐతిహ్యం. ఆయన ఏలుబడిలో ఒయో ఎగ్బాడో ప్రాంతం మీదుగా సముద్రానికి దారి పదిలం చేసుకుని, పోర్టోనోవో రేవు గుండా బానిసల వ్యాపారం పెంచింది. దహోమీ రాజు ఆ రేవు మీద కన్నువేస్తే, పోర్టోనోవో తన భోజనపు బుర్ర అని, తాను తప్ప ఇంకెవరూ అందులో చెయ్యి పెట్టడానికి వీల్లేదని ఒయో అలాఫిన్ కబురు చేశాడట. ఈ ముక్క రాసిపెట్టినవాడు ఆర్చిబాల్డ్ డాల్జెల్. దహోమీ చరిత్ర పేరుతో 1793లో లండనులో పుస్తకం వేశాడు. అతను కూడా బానిసల వర్తకుడే, ఆ వర్తకం మంచిదని వాదించినవాడే. అతని నీతి మనకొద్దు గాని, బుర్రలో యెవరి వాటా ఎంతో అతనికి తెలియకపోదు.

రాబిన్ లా అనే చరిత్రకారుడు గాహా, అబియొదున్ల తగాదాను కొత్తగా వచ్చిపడుతున్న ఐశ్వర్యంలో వాటాల తగాదాగా చూశాడు. నాకు ఈ చూపు నచ్చింది. కూతురి బలి దానివల్ల అబద్ధమైపోదు; కాని తండ్రి పగ ఒక్కటే అయితే ఊరూరూ ఒకేరోజు లేవదు.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. అబియొదున్ కాలంలో ఒయో అమ్మిన బానిసల్లో చాలామంది ఒయో వాళ్ళు కారు. ఉత్తరాన నూపె, బోర్గుల మీదుగా కొనుక్కొచ్చిన హౌసా మొదలైన పరాయి జాతుల వాళ్ళు, యుద్ధాల్లో చిక్కినవాళ్ళు. గుర్రాలు వచ్చిన దారినే మనుషులూ వచ్చారు. గుర్రాలు రాజధానిలో ఆగాయి, మనుషులు సముద్రం దాకా నడిచారు. ఆ దారి పక్కన గవ్వలు కొలుచుకున్న ఊళ్ళకు అబియొదున్ మంచిరాజు. బెనిన్ అఖాతం నుంచి అన్ని శతాబ్దాల్లోనూ కలిపి ఓడలెక్కించిన వాళ్ళు సుమారు 20 లక్షలని చరిత్రకారుల అంచనా. వాళ్ళ జ్ఞాపకాలు ఒయో జనశ్రుతిలోకి రాలేదు. మిగిలినవాళ్ళే పాడారు, మిగిలినవాళ్ళే సామెతలు కట్టారు. జానపద వాఙ్మయం ప్రజల గొంతు అని మనం తరగతిలో చెబుతాం, నేనూ చెబుతాను. యే ప్రజలు అని అడిగే విద్యార్థి కోసం చూస్తున్నాను.

ఆ మంచి కాలంలోనే సామ్రాజ్యంలో అందరూ సుఖంగా లేరనడానికి సాక్ష్యం వుంది. దక్షిణాన అడవి ప్రాంతంలో ఎగ్బా ప్రజల ఊళ్ళ మీద ఒయో అధికారులు కూర్చుని కప్పం వసూలు చేసేవారు. లిసాబి అనే రైతు పొలంపనికి ఒక సంఘం పెట్టాడు. ఒకరి పొలంలో ఇంకొకరు వంతులవారీగా పనిచెయ్యడం దాని పద్ధతి. కలుపుతీతకు, కోతలకు చేరిన జనం యెవరికీ అనుమానం రాకుండా కలుసుకున్నారు, మాట్లాడుకున్నారు, ఆయుధాలు పట్టడం నేర్చుకున్నారు. ఒకనాడు సైగ అందగానే ఊళ్ళన్నీ కలిసి ఒయో అధికారులను హతమార్చాయి. చచ్చినవాళ్ళు 600 పైచిలుకని ఐతిహ్యం. శిక్షించడానికి వచ్చిన ఒయో సేన కూడా ఓడిపోయి వెనక్కు పోయింది. ఇది సుమారు 1775-80 మధ్య జరిగిందని లెక్క కట్టారు. అంటే గాహాను తగలబెట్టిన మంట ఆరిన కొద్దికాలానికే. అబియొదున్‌ను పొగిడిన ఒయో ఊళ్ళు, అబియొదున్ అధికారులను చంపిన ఎగ్బా ఊళ్ళు మాట్లాడింది ఒకే యొరూబా భాష. అబియొదున్ బుర్ర నిండిందో లేదో చెప్పేది భాష కాదు, దానికి యే పక్కన నిలబడ్డామన్నది.

1783లో బోర్గు చేతిలో ఒయో సేన ఓడిపోయింది. 1789లో అబియొదున్ పోయాడు. తర్వాత రెండేళ్ళలో నూపెతో యుద్ధంలోనూ ఓటమే. గవ్వలు పెరిగిన యేళ్ళలోనే గుర్రపు దండు చిక్కిపోయింది.

అబియొదున్ తర్వాత అవోలె రాజయ్యాడు. జనశ్రుతిలో అబియొదున్ యెంత మంచివాడో ఇతనంత దౌర్భాగ్యుడు. డబ్బు కొలుచుకున్న కాలం పోయి మూటాముల్లె సర్దుకుని పారిపోయే కాలం వచ్చిందని చెప్పుకుంటారు. ఇతని కథలో ఒక ఘట్టం నన్ను కదలనివ్వలేదు. రాజు కాకముందు అవోలె అపోము సంతలో వ్యాపారం చేసేవాడు. వెంట ఒక స్నేహితుడు వుండేవాడు. ఒకనాడు ఆ స్నేహితుణ్ణే బానిసగా అమ్మేశాడు. సంగతి బయటపడి, అపోము గ్రామాధికారి అతణ్ణి విడిపించి, అవోలెను కొరడాలతో కొట్టించాడు. ఆ కొరడాదెబ్బలు అవోలె మరిచిపోలేదు. గద్దె యెక్కగానే అపోము మీదికి దండు పంపించమన్నాడు. తన రాజ్యపు తొలి యుద్ధానికి కారణం, స్నేహితుణ్ణి అమ్మనివ్వకపోవడం!

అబియొదున్ కాలంలో అమ్ముడుపోయినవాడు పేరు తెలియని పరాయివాడు. అవోలె కథలో అమ్ముడుపోయినవాడు వెంట నడిచే స్నేహితుడు. సంత అదే, గవ్వ అదే, దారి అదే. జనశ్రుతి మాత్రం దీన్ని ఇద్దరు రాజుల స్వభావాల తేడాగా గుర్తుపెట్టుకుంది. అఫోంజా మొదలైన సేనానులు ఎదురుతిరిగి, అవోలెకు ఖాళీ బుర్ర పంపారు. 1796లో చచ్చేముందు ఆయన మూడు దిక్కులకు బాణాలు వేసి, ఆ బాణాలు పోయిన దిక్కులన్నిటికీ తన జనం బానిసలుగా పోవాలని శపించాడట. తర్వాత జరిగింది అచ్చంగా అదే. అఫోంజా ఇలోరిన్‌లో స్వతంత్రించాడు. 1817లో అతని పిలుపు మీద ఒయోలోని హౌసా బానిసలు యజమానులను వదిలి అతనితో చేరారు. యేళ్ళు గడవకముందే ఆ దండే అతణ్ణి చంపింది. యుద్ధాలు దక్షిణానికి పాకి, సుమారు 1836కు పాత ఒయో నగరమే ఖాళీ అయింది. క్యూబాకు, బ్రెజిలుకు పోయిన ఓడల్లో ఈసారి యొరూబాలే కిక్కిరిసి వున్నారు.

శాపం వల్ల పోయారనుకోవడంలో ఒక సౌకర్యం వుంది. శాపం రాజుగారిది. దారి వేసినది యెవరన్న ప్రశ్న రాదు.

ఈ కథలన్నీ మనదాకా రావడానికి కారకుడు శామ్యూల్ జాన్సన్ అనే యొరూబా క్రైస్తవ ఫాదరీ. 1897లో 'యొరూబాల చరిత్ర' పూర్తిచేసి లండను పంపితే ఆ ప్రతి పోయింది. 1901లో ఆయన చనిపోయాడు. తమ్ముడు ఒబదయ్య అన్న మిగిల్చిన చిత్తుకాగితాలను పట్టుకుని మళ్ళీ రాశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ ప్రతి వున్న ఓడను జర్మనులు పట్టుకున్నారు. చివరకు 1921లో అచ్చయింది. అంత మొండిగా బతికిన పుస్తకాన్ని నేను గౌరవంతోనే చదివాను. ఆ గౌరవంతోనే ఇంకొకటి చెప్పాలి. జాన్సన్ అబియొదున్ వంశంవాడు, మునిమనుమడు. ఒయో చివరి మంచిరాజుగా అబియొదున్ మనకు కనిపించేది ఆ మునిమనుమడి కళ్ళతో.

అంతటితో ఆగితే మామూలు వంశాభిమానమని పక్కన పెట్టవచ్చు. కాని జాన్సన్ పుట్టింది ఒయోలో కాదు, 1846లో సియెర్రా లియోన్‌లో. తండ్రి హెన్రీ బానిసగా అమ్ముడై, ఆ వ్యాపారాన్ని ఆపడానికి తిరిగే ఇంగ్లీషు నౌకల చేత విడుదలై ఆ ఒడ్డున దిగినవాడు. పోర్టోనోవో దారి పదిలం చేసిన రాజుగారి సొంత మనుమడు కూడా ఆ వ్యాపారం నుంచి తప్పించుకోలేకపోయాడు. ఈ రెండు సంగతులూ ఒకే ఇంట్లోవి. తాత అమ్మించిన వాళ్ళకూ అమ్ముడైన తండ్రికీ మధ్య ఒక వాక్యం పడవలసిన చోట, పుస్తకం గాహా క్రూరత్వమూ అవోలె శాపమూ చెబుతుంది. దీన్ని జాన్సన్ మోసమని నేననను. తండ్రిని బానిసగా చూసిన కొడుకుకు తాతల నాటి వైభవం మీద ఆశ వుండడంలో అర్థం చేసుకోలేనిదేముంది?

అబియొదున్‌ను గద్దె దింపిన పని సాహిత్యంలో జరిగింది. నైజీరియాలో మన భావాలకు దగ్గరివాడైన ఫెమి ఓసోఫిసాన్ ఇంగ్లీషులో రాసిన 'ది చాటరింగ్ అండ్ ది సాంగ్' 1977లో అచ్చయింది. అందులో కొందరు యువకులు పెళ్ళికి ముందురోజు ఒక నాటకం ఆడతారు. అబియొదున్ కొలువు. గాహా కొడుకు లటోయె తిరుగుబాటుదారుగా రాజు ముందు నిలబడి వాదిస్తాడు. అతని మాటలకు రాజుగారి భటులే రాజును వదిలిపెడతారు. నాటకం ఆడుతున్నవారిలో ఒకడు పోలీసు వేగు అని అప్పుడు తేలుతుంది. దీని వెనక 1968-69 నాటి అగ్బెకోయా రైతుల పన్ను తిరుగుబాటు వుంది. మంచిరాజును నియంతను చేశాడని చాలామంది నొచ్చుకున్నారు. నాకు ఆ నొప్పి లేదు. భటులు ఆయుధం దించే ఘట్టం చదివి రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

నా అసంతృప్తి ఇంకొకచోట వుంది. ఓసోఫిసాన్ మంచిరాజును చెడ్డరాజుగా మార్చడానికి చెడ్డమంత్రి కొడుకును వీరుణ్ణి చెయ్యవలసి వచ్చింది. ఊరూరా కప్పం దోచిన కొడుకుల్లో ఒకణ్ణి! రైతుల గురించి మాట్లాడ్డానికి ఆయనకు గాహా ఇల్లు దేనికి? వంతులవారీగా కలుపుతీస్తూ కుట్ర పన్నిన ఎగ్బా రైతులు ఆ కాలంలోనే వున్నారు. గుర్రాలతోపాటు నడిచివచ్చి, 1817లో యజమానుల గుర్రపుశాలలు వదిలిపోయిన హౌసా బానిసలున్నారు. సంతలో అమ్ముడైన అవోలె స్నేహితుడున్నాడు. జనశ్రుతి అతని పేరు కూడా చెప్పదు. ఈ ముగ్గురిలో యెవరితో మొదలుపెట్టినా కొలువుకూటం రంగస్థలం మీదికి రానక్కర్లేదు. రాజును ప్రశ్నించడానికి కూడా రాజు కొలువుకే పోవడం మన చారిత్రక నాటకాలకూ, నవలలకూ బాగా తెలిసిన రోగమే గనుక ఇంత చొరవగా అంటున్నాను. లటోయె మాట్లాడుతున్నంతసేపూ నా కళ్ళు తలుపు దగ్గర నిలబడ్డ ఆ భటుడి మీదే వున్నాయి. అతని తలిదండ్రులు యే ఊరివాళ్ళో, ఆ దారినే వచ్చినవాళ్ళో, అతను వచ్చి ముందు నిలబడి చెబితే వినాలని వుంది.